హాలు మూస్తే ఇక ఫంక్షన్ హాలేనా? బెజవాడ, గుంటూరు పాత థియేటర్ల సంగతి

సుధ_అరండల్‌పేట
మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న పాత సినిమా హాలు కరోనాకి మూశారు, మళ్ళీ తెరవలేదు. పోయిన వారం నుంచి లోపలికి లారీలతో గ్రావెల్ తోలుతున్నారు. వాచ్‌మన్‌ని అడిగితే ఏసీ ఫంక్షన్ హాలు కడుతున్నారంట, మాఘమాసం ముహూర్తాలకి రెడీ కావాలంట. గుంటూరులో ఏ రోడ్డెక్కినా ఫంక్షన్ హాలే కనిపిస్తుంటే మళ్ళీ ఇంకోటి ఎవరి కోసం? మూతపడ్డ ప్రతి హాలూ ఇదే దారి ఎందుకు పడుతుంది? నాటకాల హాలో, లైబ్రరీయో, పిల్లలకి షటిల్ కోర్టో ఎందుకు కాదు? ఈ రెండు ఊళ్ళ హాళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళు ఉంటే రాయండి. ప్రాజెక్టుకో పేపరుకో కాదు, నా కడుపుమంట కొద్దీ అడుగుతున్నా.

కృష్ణలంక_శీను
షటిల్ కోర్టుకి గంటకి ఎంత ఇస్తారు? పెళ్ళికి పూటకి ఎంత ఇస్తారు? సమాధానం అయిపోయింది, ఈ చర్చ ఇక మూసేయొచ్చు.

బెజవాడ_బాబాయ్
శీనూ, ఆగవయ్యా, ఆవిడ చరిత్ర కూడా అడిగారు.
1921లో పోతిన శ్రీనివాసరావు గారు బెజవాడలో మారుతి హాలు కట్టించారు. ఆంధ్ర జిల్లాల్లో మొదటి శాశ్వత సినిమా హాలు అదేనని చెబుతారు. అంతకుముందు డేరాలే, ఊరూరా తిరిగే బొమ్మలే. మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు అప్పటికే మద్రాసులో గెయిటీ కట్టి నడుపుతున్నారు. ఆయన, కొడుకు ప్రకాష్ కలిసి భీష్మ ప్రతిజ్ఞ తీసిందీ 1921లోనే. తెలుగు బొమ్మకి మాటలొచ్చింది 1932లో, భక్త ప్రహ్లాదతో. అంటే మారుతిలో మొదటి పదేళ్ళూ మూకీలే. ఈలోగా 1929లో దుర్గా కళామందిరం వచ్చింది. అక్కడ స్టేజీ మీద నాటకాలూ ఆడారు, తెర కట్టి సినిమాలూ వేశారు. తర్వాత నాటకాలు తగ్గిపోయి సినిమాయే మిగిలింది. హాలు వాడకం మారడం ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. అప్పట్లో నాటక సమాజాల వాళ్ళు కూడా సుధగారిలాగే కడుపు మండించుకునే ఉంటారు, వాళ్ళకి రాసుకోడానికి ఇలాంటి చోటు లేదంతే.

బెంచీ_టికెట్
బాబాయ్ గారు మొదలెట్టారంటే ఇక అరవై ఏళ్ళు వెనక్కే. నేనూ ఒకటి కలుపుతా. ఆట మొదలవబోతుంటే ఘంటసాల గారి నమో వెంకటేశా వేసేవాళ్ళు, అది వినపడగానే బయట సోడా తాగుతున్నోడు గ్లాసు అక్కడే పెట్టి పరిగెత్తేవాడు. ఆ తర్వాత స్లైడ్లు, ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీలు, బీహారు వరదలు ఎప్పుడు చూసినా అవే వరదలు. ఆ తర్వాత అసలు బొమ్మ. ఇప్పటి పిల్లలకి చెబితే అంతసేపు స్కిప్ బటన్ లేకుండా ఎలా కూర్చున్నారు అంటారు.

లక్ష్మీపురం_పద్మ
ఆడవాళ్ళ క్యూ సంగతి ఎవరూ రాయరేం? మా అత్తగారు కొత్త బొమ్మ వచ్చిన మొదటివారం వీధిలో మగపిల్లలందరి డబ్బులూ కొంగులో కట్టుకుని వెళ్ళి ఆడవాళ్ళ కౌంటర్లో టికెట్లు తెచ్చేవారు. మనిషికి ఇన్నే ఇస్తామంటే కోడళ్ళని కూడా లైన్లో నిలబెట్టేవారు. కమీషన్ కింద ఆవిడ సమోసా వాళ్ళే కొనివ్వాలి.

కృష్ణలంక_శీను
అదే కదా బ్లాకు టికెట్ల వ్యాపారానికి పునాది 😀

నిర్మాణం_రావు
సుధగారి అసలు ప్రశ్నకి వస్తా. సివిల్ పని చేస్తాను, ఇలాంటి హాళ్ళు మార్చిన పనుల్లో ఉన్నాను. డబ్బు ఒక్కటే కారణం కాదు, ఆ కట్టడం అలాంటిది.
సినిమా హాలంటే మధ్యలో స్తంభం లేకుండా ఇనప ట్రస్సుల (చట్రాల) మీద రేకులేసిన పెద్ద గది. స్తంభం ఉంటే వెనక వాళ్ళకి తెర కనపడదు కాబట్టి అలా కట్టారు. పెళ్ళికి కూడా అదే కావాలి, మండపం ఎక్కడినుంచైనా కనపడాలి. తెర కింద ఎత్తు స్టేజీ ముందే ఉంటుంది. రూల్స్ ప్రకారం రెండు పక్కలా బయటికి తెరుచుకునే వెడల్పాటి తలుపులు ఉంటాయి, మూడొందల మంది ఒకేసారి భోజనాలకి కదిలినా తొక్కిసలాట ఉండదు. సైకిల్ స్టాండు కార్ల పార్కింగ్ అవుతుంది, పక్కన షెడ్డు వంటశాల అవుతుంది. మార్చాల్సింది ముఖ్యంగా ఒకటే, నేల వాలు. వెనక నుంచి తెర దాకా కిందికి దిగుతూ ఉంటుంది కదా, ఆ ముందువైపు పల్లం గ్రావెల్‌తో నింపి, కుదించి, పైన టైల్స్ వేస్తే అయిపోతుంది. మీరు చూసిన లారీలు అవే.
లైబ్రరీకి కిటికీలు కావాలి, హాలుకి కిటికీలు ఉండవు, వెలుతురు రాకూడదనే కట్టారు. కోచింగ్ సెంటరుకి చిన్న చిన్న గదులు కావాలి, అంత ఎత్తు గదిని అడ్డుగోడలతో కోస్తే ఒక్కో క్లాసు బావిలా ఉంటుంది. షటిల్ కోర్టుకి మాత్రం నిజంగానే బాగా సరిపోతుంది, ఎత్తుంది, గాలి కదలదు. కానీ శీను చెప్పిన లెక్కే అక్కడ అడ్డం.

మిర్చియార్డు_మల్లి
గోడౌన్ చేయొచ్చుగా? మన గుంటూరులో సరుకుకి ఎప్పుడూ చోటు చాలదు.

నిర్మాణం_రావు
మల్లి గారూ యార్డు పేరు పెట్టుకుని మీరే ఈ మాట అంటే ఎలా. ఆ రేకుల కింద మే నెలలో మిర్చి పెడితే రంగు నిలుస్తుందా?

మిర్చియార్డు_మల్లి
నిలవదు. అందుకే కోల్డ్ స్టోరేజీలకి డబ్బులు పోస్తున్నాం. మిర్చి అని నేనెక్కడన్నాను, సిమెంటు, ఎరువులు, ఫ్యాన్ల కంపెనీ సరుకు లాంటివి పెట్టొచ్చుగా. అయినా ఊరి మధ్యలోకి పగలు లారీని రానివ్వరు, అదొకటుంది.

రీలుబాక్సు
నేను ఆపరేటర్‌గా చేశాను, ముందు గుంటూరులో, తర్వాత బెజవాడలో. మీరంతా గోడల గురించి మాట్లాడుతున్నారు, సినిమా వేసే మిషన్లుండే క్యాబిన్ గురించి ఎవరూ మాట్లాడరు.
మేం పని నేర్చుకునే రోజుల్లో వెలుగుకి కార్బన్ కడ్డీలు. పాజిటివ్ ఒకటి, నెగటివ్ ఒకటి, రెండిటి కొనలూ తాకించి విడదీస్తే మంట లేస్తుంది. కాలేకొద్దీ కడ్డీలు తరుగుతాయి, నల్ల అద్దంలోంచి చూస్తూ ఆ సందు సరిచేస్తూ ఉండాలి. కాస్త ఏమరితే తెర మీద బొమ్మ పసుపెక్కుతుంది, కింద నుంచి ఈలలు, తిట్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండు రీళ్ళు కలిపి ఒక స్పూలుకి చుట్టుకుంటాం. మిషన్లు రెండు. తెర కుడివైపు పై మూలన చిన్న చుక్క పడితే రెండో మిషన్ మోటారు ఆన్ చెయ్యాలి, ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క పడితే మార్చెయ్యాలి. హాల్లో కూర్చున్నోడికి తెలిస్తే మనం పని రానోళ్ళం కింద లెక్క. తర్వాత జెనాన్ బల్బులొచ్చి కార్బన్ గోల పోయింది. ఆ తర్వాత క్యూబ్, యూఎఫ్‌ఓ అని డిజిటల్ పెట్టెలొచ్చి, రీళ్ళతో పని లేక మేమే పోయాం.
మా ఓనరు ఫోటోఫోన్ కంపెనీ మిషన్లు రెండూ తూకానికి అమ్మేశాడు. ఇనుము రేటు. నేనడిగితే ఒకటి ఊరికే ఇచ్చేవాడేమో, కానీ మా ఇంట్లో అది పట్టే గది లేదు.

బెంచీ_టికెట్
ఆ కాలిన కార్బన్ ముక్కల కోసం మేం హాలు వెనక కాపలా కాసేవాళ్ళం అన్నా! దాని మీదున్న రాగి పూత గీకేవాళ్ళం. తెగిన ఫిలిం ముక్కలైతే బంగారం. తలుపు సందులోంచి అద్దంతో ఎండ కొట్టించి, ఫిలమెంటు తీసేసిన బల్బులో నీళ్ళు పోసి దాని ముందు ఫిలిం పెడితే గోడ మీద రామారావు తలకిందులుగా పడేవాడు.

సుధ_అరండల్‌పేట
రీలుబాక్సు గారూ, ఆ మిషన్ సంగతి చదివి ఇంకా మండింది నాకు. ఒక్కటైనా ఫంక్షన్ హాలు వరండాలో నిలబెట్టొచ్చు కదా, పెళ్ళికొచ్చినవాళ్ళు ఫోటోలైనా దిగుతారు.

కృష్ణలంక_శీను
నేను కొంచెం చెడ్డవాడిని అవుతా. ఇక్కడ ఏడుస్తున్నవాళ్ళలో ఎంతమంది ఆఖరి పదేళ్ళలో ఆ హాళ్ళకి వెళ్ళారు? నేను వెళ్ళాను. కుర్చీలో స్ప్రింగు గుచ్చుకుంటుంది, ఫ్యాను తిరిగితే డైలాగు వినపడదు, ఇంటర్వెల్లో బాత్రూం వైపు గాలి వస్తే సమోసా పక్కన పెట్టాల్సిందే. మా ఆవిడ ఒకసారి కాళ్ళ మీద నుంచి ఎలక వెళ్ళాక మళ్ళీ రానంది. గాంధీనగర్ ఊర్వశిలో ఐనాక్స్ వచ్చాక మనమంతా అటే పోయాం. వాళ్ళు మూసేశారని ఇప్పుడు ఏడుపెందుకు?

లక్ష్మీపురం_పద్మ
శీనుగారి మాటతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నా. ఆడవాళ్ళకి పాత హాలంటే బాత్రూం లేని మూడు గంటలు. ఇంట్లోంచి బయల్దేరే ముందు నీళ్ళు తాగేవాళ్ళం కాదు.

లీజు_లెక్క
మా మామయ్య వాళ్ళకి పల్నాడు వైపు ఒక హాలు ఉండేది, నేను లెక్కలు చూసేవాణ్ణి. శీను చెప్పిన మురికి నిజమే, కానీ అది రోగం కాదు, రోగ లక్షణం. చేతిలో డబ్బు లేనోడు కుర్చీలు ఎక్కడ మారుస్తాడు?
ఒకప్పుడు స్లాబ్ సిస్టమ్ అని టాక్సు ఉండేది, ఎంతమంది వచ్చారన్నదాంతో సంబంధం లేకుండా హాలు కెపాసిటీని బట్టి కట్టాలి. బొమ్మ ఆడితే లాభం, ఆడకపోతే ఖాళీ కుర్చీలకి కూడా టాక్సే. 2017లో జీఎస్టీ వచ్చింది, వంద రూపాయల లోపు టికెట్టుకి 18 శాతం, 2019 జనవరి నుంచి 12, మొన్న 2025 సెప్టెంబరులో 5 చేశారు. తగ్గించారు, బాగుంది, కానీ అప్పటికి హాలు ఎక్కడుంది? మధ్యలో 2021 ఏప్రిల్లో టికెట్ రేట్ల మీద జీవో 35 వచ్చింది, పంచాయతీల్లో ఏసీ లేని హాలుకి చివరి క్లాసు ఐదు రూపాయలు. టీ పదికి తాగి సినిమా ఐదుకి చూడమన్నట్టు. 2022 మార్చిలో మార్చారు కానీ ఆ ఏడాదిలోనే చాలామంది తాళం వేసుకున్నారు, కరోనా ఒకపక్క, ఇది ఒకపక్క.
ఇక అసలు దెబ్బ అద్దె పద్ధతి. బొమ్మ బాగా ఆడే మొదటి రోజుల్లో హాలుకి రెంటు (ఫిక్సుడు అద్దె), కలెక్షన్లు పడిపోయాక పర్సంటేజీ (వసూళ్ళలో వాటా), అది కూడా హాలు చేతిలో లేదు. సగం హాళ్ళు లీజుల కిందే ఉంటాయి, ఏ బొమ్మ ఎక్కడ ఎన్నాళ్ళో లీజుదారు చెప్పాలి. 2025 వేసవిలో హాళ్ళవాళ్ళు పర్సంటేజీ కావాలని జూన్ ఒకటి నుంచి మూసేస్తామన్నారు గుర్తుందా, అది దీని గురించే. డిజిటల్ పెట్టెలకి కట్టే ఫీజు మీద 2018 మార్చిలో నిర్మాతలే బొమ్మలు ఆపేశారు. ఎటు చూసినా నలిగేది హాలు ఓనరే.
వెయ్యి సీట్ల హాలు మూడు రోజులు నిండుతుంది, సోమవారం మ్యాట్నీకి నలభై మంది. నెల తిరిగేసరికి బొమ్మ ఫోన్లో ఉంటుంది. ఆ నలభై మందికీ కరెంటు, స్టాఫ్, బీ ఫారం (హాలు లైసెన్సు) రెన్యువల్, ఫైర్ వాళ్ళ సర్టిఫికెట్ అన్నీ వెయ్యి మందికి లాగే కావాలి.

బెజవాడ_బాబాయ్
లెక్క బాగా చెప్పావు అబ్బాయ్. ఒక్క మాట తేడా. హాళ్ళకి దెబ్బ ఓటీటీతో మొదలవలేదు, 1995లో ఈటీవీ, జెమిని వచ్చినప్పుడే మొదలైంది. అంతకుముందు వీడియో పార్లర్లు. అప్పట్లోనే గాంధీనగర్లో సగం మంది హాళ్ళ పని అయిపోయిందన్నారు. ఊరంతా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులుండే గాంధీనగర్ అది, కృష్ణా, గుంటూరు, ఉత్తరాంధ్ర, సీడెడ్ (రాయలసీమ) అని ఏరియాల బేరాలు టీ కొట్టు దగ్గరే అయ్యేవి. అయినా 1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగుకి సినిమాస్కోపు (వెడల్పు తెర) వచ్చింది, 1986లో సింహాసనంతో 70 ఎంఎం వచ్చింది, హాలు ప్రతిసారీ ఇంట్లో దొరకనిదేదో ఒకటి చూపించి బతికింది. ఈసారి చూపించడానికి ఏమీ మిగల్లేదు.

లీజు_లెక్క
మిగిలింది బాబాయ్ గారూ, రీ రిలీజులు. 2022 ఆగస్టులో మహేశ్ పుట్టినరోజుకి పోకిరి వేశాక చూశారుగా. పాత హాలుకి ఆ ఒక్కరోజూ పూర్వ వైభవమే.

కృష్ణలంక_శీను
ఆ ఒక్కరోజులోనే కుర్చీలు విరగ్గొట్టి పోతారు.

తెనాలి_టు_డాలస్
చదువుతూ ఉన్నా, ఉండబట్టలేక రాస్తున్నా. బ్యూనస్ ఐరిస్‌లో ఎల్ అతెనియో అని పుస్తకాల షాపు ఉంది. 1919లో నాటకశాలగా కట్టారు, తర్వాత సినిమా హాలైంది, 2000లో పుస్తకాల షాపు చేశారు. బాల్కనీలు, గోపురం మీద బొమ్మలు, ఎర్ర తెరలు అన్నీ అలాగే ఉంచి కింద అల్మారాలు పెట్టారు, స్టేజీ మీద కాఫీ తాగొచ్చు. ఊళ్ళోవాళ్ళే కాదు, టూరిస్టులూ వస్తారు. అంత దూరం ఎందుకు, మద్రాసు మౌంట్ రోడ్డులో 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్ బిల్డింగు పోస్టాఫీసు వాళ్ళు తీసుకుని స్టాంపుల బ్యూరో నడుపుతున్నారు. అందుకే అది ఇంకా నిలబడి ఉంది. బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలవాళ్ళు ఎండలో వానలో బతుకుతున్నారు కదా, ఒక మూసిన హాలు వాళ్ళకిచ్చి చూడండి.

లీజు_లెక్క
ఎవరు ఇవ్వాలి? హాలు ప్రైవేటు ఆస్తి, అన్నదమ్ములు నలుగురి పేరు మీద ఉంటుంది, అందులో ఇద్దరు మీ డాలస్‌లోనే ఉంటారు. వాళ్ళని ఒప్పించండి ముందు.

తెనాలి_టు_డాలస్
అది మాత్రం కరెక్టు 😅

సుధ_అరండల్‌పేట
లెనిన్ సెంటర్ ఆలోచన నాకు నచ్చింది. కిటికీలు లేవని రావుగారు అన్నారు, కానీ షాపుకి లైట్లు చాలుగా.

నిర్మాణం_రావు
చాలు. పుస్తకానికి ఎండ తగలకపోతే ఇంకా మంచిది. ఇబ్బంది చెమ్మ. రేకుల కప్పు కారుతుంది, వానాకాలం చూసుకోవాలి. పాత రేకుల్లో చాలావరకు ఆస్‌బెస్టాస్, పగలగొట్టేటప్పుడు ఆ దుమ్ము పీల్చకూడదు. మన దగ్గర కూలీలు తలకి తువాలు చుట్టుకుని కొట్టేస్తారు. సుధగారూ, మీ వీధిలో పని జరుగుతుంటే పిల్లల్ని అటు పంపకండి.

తాతగారి_హార్మోనియం
నాటకాల హాలు చేయమంటున్నారు కాబట్టి. గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది, బెజవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. నాటక పరిషత్తు పోటీలప్పుడు తప్ప ఎప్పుడైనా నాటకానికి నిండాయా? నేను వేసేవాణ్ణి, నాకు తెలుసు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో సగం మంది తర్వాత నాటకంలో వేషం వేయాల్సినవాళ్ళే. కొత్త హాలు కాదు, జనం కావాలి.

లక్ష్మీపురం_పద్మ
సినిమా హాలుని మార్చిన ఒక ఫంక్షన్ హాల్లో మొన్న మావాళ్ళ పెళ్ళి జరిగింది, పేరు చెప్పను. పురోహితుడు మంత్రం చదివితే మూడుసార్లు వినపడుతుంది. బ్యాండు మొదలుపెడితే పిల్లలు చెవులు మూసుకుని బయటికి పరుగు. మైకు కీచుమని కూత. డబ్బులేమో భారీగా తీసుకున్నారు. ఇదెందుకలా?

నిర్మాణం_రావు
ఇది అడిగారు, సంతోషం. హాలుగా ఉన్నప్పుడు పక్క గోడలకి, ముఖ్యంగా తెరకి ఎదురుగా ఉన్న వెనక గోడకి చిల్లుల బోర్డులో, పీచు పరుపులో, మందపాటి గుడ్డలో ఉండేవి. శబ్దం అక్కడ తగిలి ఆగిపోయేది. ఫంక్షన్ హాలు చేసేటప్పుడు మాసిపోయాయని అవన్నీ పీకేసి, నున్నగా పుట్టీ పెట్టి పెయింటు వేస్తారు, కింద గ్రానైటు, పైన తళతళలాడే సీలింగు. శబ్దం ఎక్కడా ఆగదు. నేను ప్రతి ఓనరుకీ చెబుతాను, వెనక గోడ ఒక్కటీ అలాగే ఉంచండి, పైన కొత్త గుడ్డ వేయిస్తే చాలు అని. ఎవరూ వినరు, వెనక గోడ మీద పెద్ద నెమలి బొమ్మ పెట్టాలంటారు.

కృష్ణలంక_శీను
నెమలి కంపల్సరీ.

రీలుబాక్సు
రావుగారు చెప్పింది నిజం. బోర్డులు ఊడిన హాల్లో మేం వాల్యూం తగ్గించి వేసేవాళ్ళం, పెంచితే డైలాగు ముద్దైపోయేది. ఆ క్యాబిన్ కూడా పగలగొట్టకుండా ఉంచుకోమని చెప్పండి, పాత ఫిలిం అంటుకునే రకం కాబట్టి అగ్గి బయటికి రాకుండా మందపాటి గోడలతో కట్టేవాళ్ళు. జనరేటరో, బంగారం లాకరో పెట్టుకోవచ్చు.

మిర్చియార్డు_మల్లి
ఇంకో సందేహం. పెళ్ళిళ్ళు ఆషాఢంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మూఢం వస్తే నెలల తరబడి ఖాళీ. అప్పుడు మళ్ళీ సినిమా వేసుకోవచ్చుగా? తెర చుట్టేసి పైకి ఎత్తుకునే రకం పెడితే సరి.

లీజు_లెక్క
ఆలోచన మంచిదే కానీ లైసెన్సు ఒప్పుకోదు. బీ ఫారం ఒకసారి వదిలేసుకుంటే మళ్ళీ మొదట్నుంచి తిరగాలి. ఆషాఢంలో చీరల ఎగ్జిబిషన్లకి ఇచ్చుకుంటారు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ.

లక్ష్మీపురం_పద్మ
వాటికి మాత్రం ఆ హాలు మొదటి రోజు మొదటి ఆటలా నిండుతుంది, నేను సాక్ష్యం.

సుధ_అరండల్‌పేట
ఇవాళ సాయంత్రం ఓనరు వాళ్ళ అబ్బాయి సైటు దగ్గర కనిపిస్తే వెనక గోడ సంగతి చెప్పాను. మా ఇంజనీరు ఏం చెప్పలేదే అన్నాడు, రావుగారు రాసింది ఫోన్లో చూపిస్తే ఫోటో తీసుకున్నాడు. నెమలి మాత్రం ఆర్డరిచ్చేశారంట, వేరే గోడకి పెడతాడేమో. మిషన్ల గురించి అడిగితే ఒకటి ఇంకా పైనే ఉందన్నాడు, మెట్ల మీద నుంచి దించడం కష్టమై వదిలేశారంట. కుర్చీలు మాత్రం వరసలు వరసలుగా బయట పడేశారు, అమ్మేస్తారంట.

రీలుబాక్సు
మిషన్ ఏ కంపెనీయో చూశారా? ఫోటోఫోనా, వెస్ట్రెక్సా? ల్యాంప్ హౌస్, అదే దీపముండే పెట్టె, ఉందా? నేను ఆదివారం గుంటూరు వస్తున్నా, ఆ అబ్బాయి ఒప్పుకుంటే శుభ్రం చేసి నిలబెట్టి ఇస్తాను, డబ్బులొద్దు.

బెంచీ_టికెట్
కుర్చీలు అమ్ముతున్నారా? బాల్కనీవైతే నాకు రెండు కావాలి, డాబా మీదికి.

కృష్ణలంక_శీను
తీసుకో అన్నా, నల్లులు ఉచితం.